నేలకి కట్టమన్న తీగ

కొవ్వూరు,
14-3-1987.

చిరంజీవి తాతాజీకి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం. బెంగుళూరులో నువ్వు వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరం మూలలకి పసుపు రాసినట్టు క్షేమం అన్న మాట ముందు రాయాలి కాబట్టి రాశాను. లోపలి సంగతి వేరే ఉంది. నెమ్మదిగా చెబుతాను, కంగారుపడకుండా చదువు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నా మోకాళ్ళ గురించి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటున్నాయి, దిగేటప్పుడే పేచీ పెడుతున్నాయి. కడియం నుంచి తెచ్చి నువ్వు నాటిన రెండు నిమ్మమొక్కల్లో ఒకటి బతికింది. రెండోదాన్ని నేను నీళ్ళు ఎక్కువ పోసి చంపానని మీ నాన్నగారి అభియోగం. బతికినది మాత్రం ఆయన పోసిన నీళ్ళతోనే బతికిందట. గోంగూర పచ్చడి సీసా పగలకుండా చేరినందుకు సంతోషం. సగం నీ గదిలో ఉండే స్నేహితుడే తినేశాడని రాశావు. ఇంకో సీసా పంపమని అడగడానికి అంత చుట్టూ తిరగక్కర్లేదు.

చిట్టెమ్మ ఎలా ఉందని అడిగావు. నిన్న చూసి వచ్చాను. రాజమండ్రి ఆసుపత్రిలోనే ఉంది, లేచి కూర్చుంటోంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన వేళ్ళకి భయం లేదన్నారు. నీ చిన్నప్పుడు నువ్వు మిల్లుకి వస్తే పని ఆపి వేడివేడి ఉప్పుడు ధాన్యం నీ గుప్పెట్లో పోసి, కాలుతోందని నువ్వు గంతులేస్తుంటే నవ్వేది కదా, ఆ చెయ్యే.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. నాన్నగారు అంత పెద్ద విషయం ఎలా మర్చిపోయారు అని. దానికి జవాబు రాయడానికి అయిదు రోజులు పట్టింది. ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. నీకు మిల్లు యజమాని జగన్నాథరావు గారు ఫోన్లో చెప్పింది ఆయన విన్నది. నేను కళ్ళతో చూశాను.

ఆ మంగళవారం పొద్దున్న మీ నాన్నగారు కేరియరు తీసుకెళ్ళడం మర్చిపోతే పదకొండింటికి నేనే పట్టుకుని మిల్లుకి వెళ్ళాను. చూశావా, ఆయన మర్చిపోయేవి ఇలాంటివి. అన్నం మర్చిపోతారు, గొడుగు మర్చిపోతారు. మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు యంత్రాలు నడిపే డ్రైవరు పని చేసిన మనిషి యంత్రం దగ్గర ఒక్క మర కూడా మర్చిపోలేదు.

డ్రయ్యరు కింద గుంటలో, ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటరు అడుగున తడి ధాన్యం పేరుకుని బెల్టు పట్టేస్తోంది. దాన్ని చేత్తో గోకి తియ్యాలి. మామూలుగా అయితే మీ నాన్నగారు ఏం చేస్తారో నీకు తెలుసు. మెయిను దగ్గర ఫ్యూజులు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడతారు. గుంటలోకి దిగిన మనిషి పైకి వచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆ చెయ్యి తియ్యరు. చిక్కల్లా ఏమిటంటే అవి పీకితే వేడిగాలి కొట్టే బ్లోయరు కూడా ఆగిపోతుంది, డ్రయ్యరులో ధాన్యం మగ్గి రంగు మారుతుంది. జగన్నాథరావు గారు దానికి సణుగుతారు. ఈయన వినిపించుకోరు. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది.

ఆ రోజు ఆయన ఫ్యూజులు పీకలేదు. ఎలివేటరు మోటారుని నడపడానికి జనవరిలో నువ్వు వచ్చి గోడకి బిగించి వెళ్ళిన బూడిదరంగు పెట్టె దగ్గరికి వెళ్ళి దాని స్విచ్చి ఒక్కటే కట్టేశారు. ఎర్రదీపం ఆరిపోయింది. నేను చూశాను. "కట్టేశాను, దిగు చిట్టెమ్మా," అన్నారు. ఆవిడ పైట బిగించి దిగింది. బ్లోయరు తిరుగుతూనే ఉంది. ఆయన నా వైపు తిరిగి, "చూశావా, ధాన్యం మగ్గే బాధ లేదు ఇప్పుడు. మావాడి పెట్టె," అన్నారు.

ఆ మాట నోట్లో ఉండగానే ఎలివేటరు కదిలింది.

ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. పెట్టెలో దీపం లేదు. అయినా బెల్టు మూడు నాలుగు చుట్లు తిరిగింది. చిట్టెమ్మ అరవలేదు, అసలు శబ్దమే చెయ్యలేదు. మీ నాన్నగారు మెయిను మీద పడి లాగేశారు. అప్పుడు మిల్లు మొత్తం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అందరూ ఆ పెట్టె వైపే చూస్తున్నారు. నేనూ అటే చూస్తున్నాను. ఆరిపోయిన వస్తువు ఆజ్ఞ ఎలా ఇచ్చిందో నాకు అర్థం కాలేదు. పైకి తీస్తుంటే చిట్టెమ్మ ఒకటే మాట అంది. "కట్టేసే ఉంది కదండీ."

జగన్నాథరావు గారు పరుగెత్తుకుని వచ్చారు. ఆవిడని ఆయన కారులోనే వంతెన దాటించి పంపాక, పెట్టె ముందు నిలబడి, "ఏంటండీ గంగరాజు గారూ ఇది? మీ అబ్బాయి ఏం పెట్టి వెళ్ళాడండీ మా మిల్లులో?" అని అడిగారు.

మీ నాన్నగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెట్టెది తప్పు కాదండి. ఆపేటప్పుడు ఏం చెయ్యాలో మావాడు ముందే చెప్పాడు. నేనే మర్చిపోయాను," అన్నారు.

నా చేతిలో కేరియరు జారిపోయింది. అన్నం నేలపాలైనా వంగి ఎత్తలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అబద్ధం ఆడగా నేను వినలేదు. అదీ అంత నిబ్బరంగా, కళ్ళలోకి చూసి. ఇంటికి వచ్చాక అడిగాను, వాడు ఏం చెప్పాడండీ, మీరు ఏం మర్చిపోయారండీ అని. "వాడికిది మొదటి పెట్టె. నాకిది ఆఖరి మిల్లు. రెండిట్లో ఏదో ఒకటి పోవాలి," అన్నారు.

అంటే ఆయన మనసులో నీ పెట్టెదే తప్పు. నీకు పని సరిగ్గా రాలేదని, నీ పేరు పోకూడదని ఆయన తన పేరు ఇచ్చేశారు. గురువారం వెళ్ళి తాళాల గుత్తి ఇచ్చి వచ్చేశారు. అప్పటినుంచి వీధరుగు మీద కూర్చుంటున్నారు. వంటింట్లో బల్బు పోతే మార్చమన్నాను. దానికి ఇంటి ఫ్యూజులు రెండూ పీకి జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని ఎక్కారు. దిగాక కూడా చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

సోమవారం నీ ఉత్తరం వచ్చింది. పైన నా పేరే ఉంది కాబట్టి గుమ్మంలో నిలబడే విప్పాను. "నాన్నగారే ఒప్పుకున్నారట మర్చిపోయానని. మనిషి ప్రాణం మీదికి వచ్చే విషయం ఎలా మర్చిపోతారు? ఇక ఆయన్ని యంత్రాల జోలికి వెళ్ళనివ్వకు" అని రాశావు. చదివి నీమీద కోపం వచ్చింది. ఆయన నీకోసం ఆడిన అబద్ధాన్ని నువ్వు నమ్మి ఆయన్నే తిడుతున్నావే అని. ఆ కోపంతోనే తర్వాతి వాక్యం చదివాను.

"ఆ పసుపు తీగని నేలకి కట్టమని నీతో ఫోన్లో రెండుసార్లు చెప్పాను కదమ్మా."

గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాను. కుళాయి వదిలేసి వచ్చాను, బిందె నిండి పొంగిపోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, లేవలేకపోయాను. కింద నువ్వు వివరంగా రాసింది తర్వాత పదిసార్లు చదివాను. పెట్టె వెలుగుతున్నంతసేపూ అందులో నువ్వు చిప్పు అనే, జెర్రిలా నలభై కాళ్ళున్న నల్లముక్క పసుపు తీగ మీద తిప్పు అనో, వద్దు అనో చెబుతూనే ఉంటుందని. పెట్టె ఆర్పేస్తే అది ఏమీ చెప్పదని. ఏమీ చెప్పకపోవడం, వద్దని చెప్పడం ఒకటి కాదని. గాలికి వదిలేసిన తీగ పక్క తీగల రొదని పట్టుకుని ఊగుతుందని, అవతల మోటారు స్టార్టరు దాన్నే తిప్పమన్న మాటగా తీసుకుంటుందని. అందుకే పెట్టె ఆపి ఉన్నంతసేపూ దాన్ని నేలకి కట్టి ఉంచితే వద్దు అన్న మాట కదలకుండా నిలబడి ఉంటుందని. నువ్వు మాస్టారిలా చక్కగా రాశావు. నాకు బాగా అర్థమైంది. ఆ అర్థం కావడమే నా ప్రాణానికి వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పవలసింది చెబుతాను.

శివరాత్రి వెళ్ళాక మల్లేశ్వరరావు గారి కిరాణా కొట్టుకి నువ్వు ట్రంకాల్ చేశావు. మీ నాన్నగారు మిల్లులో ఉన్నారు, నేను వెళ్ళాను. కొట్టు నిండా జనం. నువ్వు అవతల అరుస్తున్నావు, నేను ఇవతల అరుస్తున్నాను. "పెట్టె ఆపినప్పుడల్లా పసుపు తీగని నేలకి కట్టెయ్యమనమ్మా. అలా కట్టేస్తే చాలు, మోటారు కదలదు. నెలాఖరుకి నేను వచ్చి పెట్టెలోపలే ఆ పని చేసే చిన్న ముక్క వేస్తాను, అప్పటిదాకా" అన్నావు. నేను పైకి అన్నాను, "తీగని నేలకి కట్టాలా?" అని. నువ్వు మళ్ళీ అదే చెప్పావు. ఒక్క అక్షరం కూడా పోకుండా విన్నాను తాతాజీ. లైను బాగాలేదని చెప్పుకోవచ్చు, కానీ అది నిజం కాదు.

ఫోన్ పెట్టేశాక మల్లేశ్వరరావు గారు బెల్లం తూస్తూ, "నేలకి కట్టడమేంటండీ మాణిక్యాంబ గారూ, తీగేమన్నా దూడా?" అన్నారు. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి నడుస్తూ ఆలోచించాను. నేలకి తీగ కట్టమన్నాడని చెబితే మీ నాన్నగారు నెల రోజులు నన్ను ఆట పట్టిస్తారు. "నీకు సినిమా కథే సరిగ్గా చెప్పడం రాదు, యంత్రం సంగతులు ఎందుకే" అంటారు. నేను సరిగ్గా విని ఉండను అనుకున్నాను. మోటారు కట్టేస్తాం, దీపం కట్టేస్తాం, పెట్టె కట్టెయ్యమని అని ఉంటాడు, అదే సబబుగా ఉంది అనుకున్నాను. నేల అన్న మాట, పసుపు తీగ అన్న మాట దారిలోనే తీసేశాను.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను, "అబ్బాయి ఫోన్ చేశాడండి. పెట్టె కట్టేస్తే చాలట, మోటారు కదలదట" అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే ఇక ఫ్యూజులు పీకక్కర్లేదన్నమాట. వాడు అన్నీ ఆలోచించే చేశాడు" అన్నారు. నేనేమీ చెప్పకపోయినా బాగుండేది. అలవాటు ప్రకారం ఫ్యూజులు పీకేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటుని నీ మాట అనుకుని మానుకున్నారు. అది నీ మాట కాదు, నేను కుట్టి పెట్టిన మాట.

నువ్వు ఎందుకు నేల అన్నావో కూడా ఇప్పుడు తెలిసింది. ఆయనతో అయితే ఎర్తు అనేవాడివి. నాకు ఇంగ్లీషు రాదని, అర్థం కావాలని, తెలుగు చేసి చెప్పావు. ఎర్తు అని ఉంటే నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాని మాట కాబట్టి దారి పొడుగునా పైకి అనుకుంటూ, పొల్లు పోకుండా తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన తలూపి తీగ కట్టుకునేవారు. అర్థమైంది కనకనే దిద్దాను.

నీది ఏమీ తప్పు లేదని మాత్రం అనను. లోపం ఉందని తెలిశాక పెట్టె ఆపించాల్సింది, తంతి కొట్టాల్సింది, రాత్రి రైలెక్కి రావాల్సింది. మనిషి వేళ్ళు ఆధారపడిన మాటని కిరాణా కొట్టుకి ఫోన్ చేసి చెబుతారా? అమ్మని కదా అని నమ్మావు. నాకు పడాల్సిన దెబ్బలు నాకు పడ్డాయి, నీ వంతు నువ్వు తీసుకో.

సోమ, మంగళ, బుధ మూడు రోజులు నోరు విప్పలేకపోయాను. ఆయన నేను పెట్టింది తిని అరుగు మీదికి వెళ్ళిపోతుంటే, నేను నోరు మూసుకుని ఉండటాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటున్నారు. ఆయన పెట్టెది తప్పనుకుంటున్నారు, నువ్వు ఆయనది తప్పనుకుంటున్నావు. గురువారం మధ్యాహ్నం ఆయన చేతిలో విసనకర్ర తీసేసి ఎదురుగా కూర్చుని చెప్పాను. కొట్టు, నవ్వులు, అన్నీ చెప్పాను. కొడతారనుకున్నాను. ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు, అయినా అలా అనుకున్నాను.

"నేలకి అన్నాడా?" అని అడిగారు.

"అన్నాడండి."

"పసుపు తీగ అనే అన్నాడా?"

"రెండుసార్లు అన్నాడండి."

ఆయన లేచి నీ ఉత్తరం తెమ్మన్నారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి చదువుకున్నారు. ఆయన్ని నువ్వు తిట్టిన వాక్యం కూడా అక్కడే ఉంది, దాన్ని పట్టించుకోనేలేదు. వేలు అక్కడే ఉంచి, "తొమ్మిది రోజులు మావాడికి పని రాదనుకున్నానే," అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తర్వాత చొక్కా తొడుక్కుని సైకిలు తీశారు. మిల్లుకి వెళ్ళి, పనిలోకి కాదు, ఎర్తు బోల్టు నుంచి ఒక తీగముక్క లాగి, పెట్టె పక్కన కొక్కేనికి తగిలించి, పెట్టె కట్టేస్తే పసుపు తీగని దీనికి కట్టాలి అని సుద్దతో గోడ మీద రాసి వచ్చారట. ఎవరు అడిగినా "నేను మర్చిపోయిన పనే" అన్నారట. జగన్నాథరావు గారికి నిజం చెబుతానంటే వద్దంటున్నారు. ఇంటి మనిషి పేరు మిల్లులో ఎందుకు అంటున్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినను. సోమవారం నేనే వెళ్ళి చెబుతాను.

నిన్న చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఉన్నది నా ఒక్కదాని దగ్గరే కదా. మంచం పక్కన నిలబడి చెప్పాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మొత్తం వింది. చివరికి, "అయితే గంగరాజు గారు నిజంగా కట్టేశాకే దిగమన్నారన్నమాటండి. ఆయన మాట మీదే దిగానండి. ఆయనే అబద్ధం చెప్పారేమో అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ," అంది. కట్టు సర్దుకుని, "ఎర్తంటే నాకూ తెలుసండి. నాతో అన్నా చెప్పేదాన్ని," అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. నేను తీసుకెళ్ళిన బత్తాయిలు బల్ల మీద పెట్టి ఇంకా నిలబడితే, "ఇంక వెళ్ళండమ్మా," అంది. క్షమించింది అని నీకు రాయలేను. క్షమించలేదు. నేను రేపు మళ్ళీ వెళతాను, ఆవిడకి తల దువ్వే మనిషి లేదు.

నువ్వు వచ్చి ఆ ముక్క ఏదో పెట్టెలోపలే వేసి వెళ్ళు. మీ నాన్నగారికి విడిగా ఉత్తరం రాయి. క్షమాపణ మొదటి వాక్యంలోనే ఉండాలి, మూడో పేజీలో కాదు.

ఇంకొక్క మాట. ఈసారి ఫోన్ చేసినప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాలని చూడకు నాయనా. ఉన్న మాట ఉన్నట్టు చెప్పు. నేను అలాగే మోసుకెళతాను.

ఇట్లు,
నీ మాట దారిలో జారవిడిచిన
మీ అమ్మ
మాణిక్యాంబ.